జీడిపప్పు డబ్బాలో సోడియం

నా నోటుపుస్తకంలో 2003 మార్చి 17, సోమవారం పేజీలో "నైట్రోజన్" అని ఒక మాట ఉంది. ఎవరినీ అడగకుండా, దేన్నీ చూడకుండా ఆ మాట నేనే రాశాను. తూచకుండా బరువు రాసిన పిల్లల రికార్డులు వెనక్కి విసిరేసే లెక్చరర్‌ని నేను. ఆ ఒక్క మాట వల్ల ఇంకొక మనిషికి తొమ్మిది నెలలు పోయాయి. పైగా ఆ మనిషినే అబద్ధం రాశావన్నాను. ఇదంతా ఎలా జరిగిందో తేదీల వరసలోనే చెబుతాను. వరస తప్పిస్తే నాకు అనుకూలంగా చెప్పుకునే ప్రమాదం ఉంది.

టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. ఇల్లు పలాసలో. బస్సులో వెళ్లని రోజు పాసింజరు రైల్లో వెళ్లేదాన్ని. నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పు మళ్లు, వాటి గట్లమీద తెల్లటి కుప్పలు కనిపించేవి. అప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. వాటి బ్యాటరీలు క్రమంగా లిథియంవే అవుతున్నాయి. లిథియం మన దగ్గర గ్రాము కూడా తవ్వరు. సోడియం మాత్రం ఉప్పు రూపంలో కళ్లముందు కుప్పలుగా పడి ఉంది. సోడియంతో బ్యాటరీ చేయవచ్చని అంతకు ముందే కొందరు చూపించారు గానీ లిథియం గెలిచాక దాన్ని అందరూ వదిలేశారు. వదిలేసిన పని చిన్న కాలేజీకి సరిపోతుందనుకున్నాను. 1998లో మొదలుపెట్టాను.

బ్యాటరీలో ఒకవైపు పలకకు పూసే పొడి తయారు చేయడం మా పని. అందులో మాంగనీసు, ఆక్సిజన్ కలిసి పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరల మధ్య సోడియం ఉంటుంది. బారువ వైపు ఎండుచేపలు గంపలో సర్దేటప్పుడు ఒక వరస తాటాకు, ఒక వరస చేప వేస్తారు, అలాగన్నమాట. బ్యాటరీ ఛార్జి చేస్తే సోడియం పొరల్లోంచి బయటికి వెళుతుంది. వాడుకుంటే తిరిగొచ్చి కూర్చుంటుంది. ఎన్నిసార్లు వెళ్లొచ్చినా పొరలు కూలకూడదు. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఐదేళ్లు చాలలేదు.

చేసింది నేను కాదు, నా దగ్గర పీహెచ్‌డీకి నమోదైన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు. బారువ దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. తండ్రి వేటకు వెళ్లేవాడు, తల్లి చేపలు ఎండబెట్టి సంతలో అమ్మేది. ఈమె మా కాలేజీలోనే పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పేది. పాఠాలయ్యాక ల్యాబులో నిలబడి పొడి నూరేది. నమోదైంది 1999లో, గడువు 2004 మార్చి 31. ఆ తేదీలోగా థీసిస్ ఇవ్వకపోతే నమోదు రద్దవుతుంది. కనీసం థీసిస్ అయినా ఇవ్వని పార్ట్‌టైమ్ వాళ్లను ఆ జూన్ తరవాత ఉంచబోమని కాలేజీవాళ్లు ముందే కాగితం ఇచ్చారు. అంటే ఆమెకు ఆ తేదీతో చదువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

పద్ధతి ఇది. సోడియం కార్బొనేటు, మాంగనీసు ఆక్సైడు లెక్క ప్రకారం తూచి రెండు గంటలు చిన్న రోట్లో నూరాలి. బిళ్లలుగా నొక్కి, ఫర్నేసులో తొమ్మిది వందల డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు కాల్చాలి. ఉదయం ఆరుకి పెడితే సాయంత్రం ఆరుకి కట్టేయాలి. మధ్యలో కరెంటు పోతే ఆ బిళ్లలు పారేయాల్సిందే. పొడి నల్లగా వస్తుంది. దానికి గాలిలో తేమ పడదు. సెల్ చేసి పరీక్షించే సదుపాయం మాకు లేదు. విశాఖలో ఒక పెద్ద ప్రయోగశాలలో ఆర్గాన్ నింపిన గాజుపెట్టెలో ఆ పని జరిగేది. మేం పొడి తీసుకెళ్లి ఇచ్చి రావడమే.

ఈ పద్ధతి కుదిరాక, 2003 జనవరి 20న మొదటి బ్యాచ్ కాల్చాం. మర్నాడే ఆమె దాన్ని సీసాలో పోసి, బిరడా చుట్టూ మైనం కరిగించి, రైల్లో ఒడిలో పెట్టుకుని విశాఖ తీసుకెళ్లింది. అదృష్టం కొద్దీ ఆ రోజే అక్కడ పరీక్షకు చోటు దొరికింది. సామర్థ్యం, అంటే పొడి పట్టుకునే విద్యుత్తు, గ్రాముకు నూట ముప్పై ఎనిమిది మిల్లీ యాంపియర్ గంటలు వచ్చింది. ఆమె ఫోన్లో ఆ అంకె చెప్పింది. నేను, "రెండోసారి వస్తే నమ్ముతాను," అన్నాను. అలాగే అనాలని నేర్చుకున్నదాన్ని. కానీ ఆ రోజు బాగా చేశావని కూడా అనవలసింది.

తరవాత విశాఖవాళ్లు పని ఒత్తిడి ఎక్కువైందని చెప్పారు. పొడి ఇచ్చాక మూడు నాలుగు వారాలు ఆగాలి. అన్ని రోజులు మామూలు సీసాలో పెడితే, అందులోనూ మన సముద్రపు గాలికి, తేమ పట్టకుండా ఉండదు. అక్కడే నాకు జీడిపప్పు డబ్బా గుర్తొచ్చింది.

మా అక్కభర్త పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగు సూపర్‌వైజరు. కొనేవాళ్లకు మచ్చు పంపడానికి వాళ్ల దగ్గర చిన్న డబ్బాలుండేవి. మార్చి 17 పొద్దున సీసా పట్టుకుని వెళ్లాను.

"ఏటి మరదలా, పప్పు తెస్తావనుకుంటే బొగ్గుపొడి తెచ్చావేటి?" అన్నాడు బావ.

"బ్యాటరీలో వేసేది బావా."

"మరి నా టార్చిలైటులో ఎయ్యి, సూద్దాం."

"వెటకారం తరవాత. దీనికి గాలి తగలకూడదు, తేమ తగలకూడదు. మీ డబ్బాలో పప్పు ఏడాదైనా మెత్తబడదంటావు కదా."

"ఏడాదేటి! ఓడెక్కి దేశాలన్నీ తిరిగొచ్చినా కరకరలాడతాది. ముందు మిషను గాలంతా లాగీస్తాది, అప్పుడు గేసు పడతాది, ఆ మీద మూత అతికేత్తాం. పురుగు కూడా సచ్చిపోద్ది. నీ పొడికి పురుగు పడతాదేటి?"

నవ్వేశాను. ఏ గ్యాసని అడగలేదు. విదేశాల్లో ఇలాంటి పప్పులు నైట్రోజన్‌లో నిల్వ చేస్తారని ఎక్కడో చదివాను. నైట్రోజన్ దేనితోనూ కలవదు, మా పొడికి అంతకన్నా మంచిది లేదు. సీసాకు బిరడా పెడితే మిషను గాలి లాగినప్పుడు ఎగిరిపోతుందన్నాడు. అందుకని సీసా మూతికి వడపోత కాగితం కట్టి దారం చుట్టాం. డబ్బా మూసి నా చేతికిచ్చాడు. టెక్కలి బస్సులో కూర్చుని పుస్తకంలో "నైట్రోజన్" అని రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మాయి డబ్బా చూసి మురిసిపోయింది. "ఏ గ్యాసండీ మేడమ్?" అని అడిగింది కూడా.

"నైట్రోజన్," అన్నాను.

ఆమె తన పుస్తకంలో అలాగే రాసుకుంది. నేను చెప్పాను కాబట్టి మళ్లీ అడగలేదు.

ఆ బ్యాచ్ పాడైంది. ఏప్రిల్‌లో విశాఖ నుంచి కాగితం వచ్చింది. పొడిలో సోడియం కార్బొనేటు కనిపిస్తోంది, సామర్థ్యం మొదటిదానిలో సగం కూడా లేదు. ఆ పై బ్యాచ్‌లనూ బావ దగ్గరే డబ్బాల్లో మూయించి పంపాం. తరవాతదీ అంతే. ఆ తరవాతదీ అంతే. కార్బొనేటు అనగానే నాకు ఒకటే తోచింది. మేం మొదట కలిపేది కార్బొనేటునే కాబట్టి అది పూర్తిగా కాలకుండా మిగిలిపోతోందని. ఫర్నేసు సరిగా పట్టడం లేదు, లేదా నూరడం సరిగా లేదు. అందుకని ఆమెచేత రెండు గంటలకు బదులు నాలుగు గంటలు నూరించాను. వేడి పెంచమన్నాను. తరవాత తగ్గించమన్నాను. సోడియం ఎక్కువ వేసి చూడమన్నాను. ఒక్కో బ్యాచ్‌కి నెలకు పైగా పట్టేది. జనవరిలో కుదిరిన పద్ధతికి నెలనెలా దూరమవుతూ వచ్చాం. దూరం చేసింది నేను.

ఆగస్టులో, డబ్బాలో పెట్టినవాటిలో ఐదో బ్యాచ్ పరీక్షకు ఆమె తనే విశాఖ వెళ్లింది. డబ్బా కోయగానే సీసాను అక్కడి తక్కెడలో తూచింది. టెక్కలిలో పొడి నాలుగు గ్రాములుంది. అక్కడ నాలుగు గ్రాముల వంద మిల్లీగ్రాములుంది. తిరిగొచ్చి ఆ పేజీ నా ముందు పెట్టింది.

"బరువు పెరిగిందండీ," అంది.

"మూసిన డబ్బాలో బరువెలా పెరుగుతుంది? వాళ్ల తక్కెడ వేరు, మన తక్కెడ వేరు."

"కాళీ సీసా రెండు చోట్లా ఒకటే తూగిందండి. అది కూడా రాశాను సూడండి."

చూశాను. రాసి ఉంది. అయినా ఎర్ర ఇంకుతో ఆ వరస కొట్టేసి, పక్కన "తూకంలో పొరపాటు" అని రాసి సంతకం పెట్టాను. ఆమె పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాది మొత్తంలో మాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని నా చేత్తో నేనే కొట్టేశాను.

నవంబరు 19, బుధవారం. డబ్బాలో పెట్టినవాటిలో ఏడో బ్యాచ్ కాగితం వచ్చింది. అందులోనూ కార్బొనేటే. గడువుకు నాలుగు నెలల పన్నెండు రోజులుంది. ఆమెకు బారువ వైపు చివరి బస్సు దొరకాలంటే టెక్కలిలో ఐదున్నరకి బయలుదేరాలని నాకు తెలుసు. ఫర్నేసు ఆరింటిదాకా ఉండాలి. ఆ రెండూ కలిపి నాలో నేనే ఒక లెక్క వేసుకున్నాను.

ల్యాబ్ అటెండరు గాజు సామాను కడుగుతున్నాడు. అతని ఎదుటే అడిగాను. "పన్నెండు గంటలని రాస్తున్నావు. నిజంగా పన్నెండు గంటలూ ఉంచుతున్నావా, బస్సు కోసం ముందే కట్టేస్తున్నావా?"

ఆమె నూరడం ఆపింది. "కాల్చిన రోజు నాను ఇంటికెల్లనండి. టెక్కలిలో సావాసగత్తె ఇంట్లో ఉండిపోతాను. మీకు తెలదేటి?"

"నాకు తెలిసింది కాగితం మీది కార్బొనేటు. మరి జనవరిలో నూట ముప్పై ఎనిమిది ఎలా వచ్చింది? అది కూడా నిజమేనా?"

అటెండరు కుళాయి కట్టేశాడు. ఆమె చేతిలోని రోలు బల్లమీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, బ్యాగు తీసుకుంది. "దొంగ నెక్కలు రాసీవోలు మా ఇంట నేరండి," అని వెళ్లిపోయింది. తరవాత మూడు వారాలు పాఠాలు చెప్పడానికి వచ్చింది గానీ ల్యాబు గడప తొక్కలేదు.

డిసెంబరు 11, గురువారం. అక్కకి జ్వరమని తెలిసి మాత్రలు కొని, ఇంటికి పట్టుకెళ్లమని ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్లి బావను పిలిచాను. గేటు దగ్గర రిక్షాబండి మీద గ్యాసు సిలిండర్లున్నాయి. బండివాడు ఒకటి లోపలికి దొర్లించి, రెండోదానికి తాడు బిగిస్తున్నాడు.

"అది మీది కాదా?" అని బావనడిగాను. ఊరికే అడిగాను.

"అది సోడాకొట్టుది. ఇద్దరికీ ఈడే ఏత్తాడు. గేసొకటేగా. నువ్వు తాగే గోలీసోడాలోదే మా పప్పులోనూ ఉంటాది."

బండి దగ్గరికి వెళ్లి సిలిండరు మీది అక్షరాలు చదివాను. బావ ఇంకా ఏదో అంటున్నాడు. "ఏటలగైపోయావు? సోడా తెప్పించీదా?" అన్నాడు.

గోలీసోడాలోది కార్బన్ డయాక్సైడ్. సోడియం ఉన్న ఇలాంటి పొడికి అది తగిలితే, దానికి రవ్వంత తేమ తోడైతే, పొరల్లోంచి సోడియాన్ని లాక్కుని కార్బొనేటుగా మారుస్తుంది. ఇది పెద్ద చదువులు చదివినవాళ్లకే తెలిసే సంగతి కాదు, ఏటేటా నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో చెప్పే పాఠం. గాలి నుంచి కాపాడాలని పొడిని ఏడుసార్లు దాని శత్రువుతో కలిపి మూసిపెట్టాను. ఆ కార్బొనేటు కాలక మిగిలింది కాదు, డబ్బాలో కొత్తగా పుట్టింది.

ఫ్యాక్టరీ మెట్టుమీదే కూర్చుని లెక్క వేశాను. పెరిగిన వంద మిల్లీగ్రాములూ ఆ వాయువే అయితే, ఆ నాలుగు గ్రాముల పొడిలోని సోడియంలో ఆరో వంతు కార్బొనేటుగా పోయినట్టు. రెండోసారి వేశాను. ఆరో వంతే, విశాఖ కాగితంలోని కార్బొనేటూ దాదాపు అంతే. ఆమె తూకం మిల్లీగ్రాముతో సహా సరైనది.

ఆదివారం బారువ బస్సెక్కాను. ఆమె ఇల్లు అడిగి కనుక్కునేసరికి పదకొండు దాటింది. తల్లి ఇసకలో వలపట్టా పరిచి నెత్తళ్లనే చిన్న చేపలు ఆరబెడుతోంది. నన్ను పైనుంచి కిందకి చూసింది.

"నువ్వేనా మేడమ్మువి? నీడన కూకో," అంది. "నా కూతురు మంచినీళ్లకెల్లింది."

చెప్పడానికి వచ్చింది ఆ కూతురికి. కానీ ఆవిడ ఆగనివ్వలేదు.

"మా గుంట దొంగ నెక్కలు రాసిందన్నావంట."

"అన్నానమ్మా. తప్పు నాది. నేను పెట్టించిన డబ్బాలో గ్యాసు వేరేది. దానివల్లే పాడైంది. మీ అమ్మాయి లెక్కలన్నీ సరైనవే. అది చెప్పడానికే వచ్చాను."

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. "దాన్నా మాట ఎక్కడన్నావు?"

"కాలేజీలో."

"ఎవులున్నారు?"

"అటెండరు ఉన్నాడు."

"మరి ఆడికెల్లి సెప్పు. ఇక్కడ నా నెత్తళ్లకి సెప్తే ఏటి లాభం?"

అప్పుడే అమ్మాయి బిందెతో వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. నేను లెక్కవేసిన కాగితం అందించాను. బిందె దింపకుండానే చదివింది. చదివి నవ్వలేదు, ఏడవలేదు. "ఆరో వంతా!" అంది. తరవాత, "ఎన్ని రోజులుందండీ?" అని అడిగింది.

"నూట ఎనిమిది."

"మొదటి పద్ధతే సేద్దాం. నాను తూచింది మీరు కొట్టకూడదు."

"కొట్టను."

సోమవారం ల్యాబులో అటెండరును పిలిచి, ఆమె ఎదుటే చెప్పాను. తప్పు నాదని, ఆమె గంటలు, ఆమె బరువులు అన్నీ సరైనవని. అతను తలగోక్కుని, "అలాగేనండి," అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. నాకు ఎంతో కష్టమైన ఆ మాట వాళ్లిద్దరికీ నిమిషం కూడా పట్టలేదు.

జనవరి, ఫిబ్రవరుల్లో మూడు బ్యాచ్‌లు కాల్చాం. ఈసారి పొడిని వేడిగా ఉండగానే గాజు గొట్టంలో పోసి, గొట్టం మెడ మంటలో కరిగించి మూసేశాం. ఒకటి కరెంటు కోతకి పోయింది. మిగతా రెండూ నిలబడ్డాయి. నూట ముప్పై నాలుగు వచ్చింది. ఇరవైసార్లు ఛార్జి చేసి దించాక తొంభై ఏడుకి పడింది. గొప్ప ఫలితం కాదు. అయినా నిజమైనది, రెండుసార్లు వచ్చినది.

కానీ రెండు బ్యాచ్‌లతో థీసిస్ నిండదు. ఐదేళ్లలో మిగతాదంతా ఏమైందని ఎవరైనా అడుగుతారు. మార్చి 26, శుక్రవారం ఆమె నాలుగో అధ్యాయం టైపు చేయించి తెచ్చింది. పాడైన ఏడు బ్యాచ్‌లూ అందులో ఉన్నాయి. వాటి బరువులు, కార్బొనేటును చూపే ఎక్స్‌రే గీతలు, పడిపోయిన సామర్థ్యం, అన్నీ పట్టికలుగా చక్కగా పేర్చింది. మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉంది. దాని అర్థం ఇది: కార్బన్ డయాక్సైడ్ వల్ల ఈ పదార్థం ఎలా పాడవుతుందో తెలుసుకోవడానికి ఏడు నమూనాలను ఆ వాయువులో నిల్వ చేయడమైనది.

"తెలుసుకోవడానికి అని ఎలా రాస్తావు? తెలియకే కదా పెట్టాం," అన్నాను.

"మరేం రాయమంటారండి? మా గైడుకి ఏ గ్యాసో తెలీదు అని రాయమంటారా?"

"రాయి. నా పేరుతోనే రాయి."

"రాస్తే వాళ్లేమంటారో మీకు తెలుసు. గ్యాసు తెలీని గైడు సంతకం పెట్టిన మిగతా అంకెలు మాత్రం ఎలా నమ్మాలంటారు. అవి కూడా పోతాయండి."

"గడువు పొడిగించమని అడుగుదాం. తప్పు నాదని నేను ఉత్తరం రాసిస్తాను."

"కమిటీ కూర్చునేది జూన్‌లో. నా నమోదు పోయేది బుధవారం." ఆమె కాగితాలు నా ముందుకి జరిపింది. "మీరు జూన్‌లో రిటైరైపోతారు. ఇంటికాడ కూకుంటారు. నాకేటి మిగుల్తాది, సెప్పండి? తొమ్మిది నెల్లు మీ మాట మీద నడిసేను. ఒక్క వాక్యం నా మాట మీద నడవనేరా?"

ఆ పట్టికల్లో ఒక్క అంకె తప్పు లేదు. ప్రతిదీ సరిచూశాను. తప్పు ఆ ఒక్క మాటలోనే ఉంది. శని, ఆదివారాలు ఆ అధ్యాయం ఇంట్లో పెట్టుకుని, ఇద్దరికీ సరిపోయే వాక్యం కోసం వెతికాను. "నిల్వ చేయడం జరిగింది" అని మాత్రం రాస్తే, ఎందుకని అడుగుతారు. "అనుకోకుండా" అని రాస్తే, ఏడుసార్లా అని అడుగుతారు. నిజం చెబితే నా తప్పుకి శిక్ష ఆమెకు పడుతుంది. చెప్పకపోతే అబద్ధం కింద నా సంతకం ఉంటుంది. 29వ తేదీ సోమవారం పొద్దున సంతకం పెట్టాను. 30న ఆమె థీసిస్ ఇచ్చి రసీదు తెచ్చి చూపించింది.

వైవా సెప్టెంబరు 20న విశాఖలో జరిగింది. అప్పటికి నేను రిటైరై మూడు నెలలు కావస్తోంది. గైడుని కాబట్టి ముందు వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, నిదానంగా మాట్లాడతాడు. మొదటి మూడు అధ్యాయాల మీద గట్టి ప్రశ్నలే వేశాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇదమ్మా. అందరూ కొత్త పదార్థాలు చేస్తారు. చేసినది నిల్వ ఉంటే ఏమవుతుందని ఎవరూ చూడరు. ఈ ఆలోచన ఎవరిది?"

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు, జాలిగా కాదు. పట్టికలో అంకె చదివేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"మా మేడమ్‌దండి," అంది.

పెద్దాయన నావైపు తిరిగి తల పంకించాడు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను లేచి కాదనాలి. నోరు విప్పితే ఆమె డిగ్రీ అక్కడే ఆగిపోతుంది. తల దించుకున్నాను. దాన్ని అణకువ అనుకున్నారు.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. కోటబొమ్మాళి దాటాక అడిగాను. "ఎందుకలా అన్నావు?"

"ఎలగన్నానండి?"

"నా ఆలోచనని."

"మీది కాదేటి? డబ్బాలో ఎట్టమన్నది మీరే కదా." సంచి సర్దుకుంటూ, "నాదంటే అబద్దమైపోద్దండి," అంది.

పలాసలో దిగాను. ఆమె ముందుకెళ్లాలి. నా సంచి కిటికీలోంచి అందించి, "జాగర్తగా ఎల్లండి మేడమ్. మా అమ్మ నెత్తళ్లు పంపుతానంది," అని చెప్పింది. రైలు కదిలిపోయింది.

ఆమె డిగ్రీ కాగితం 2005 జనవరిలో చేతికొచ్చింది. కాలేజీలో ఉండిపోయింది. ఇక భయం లేదనుకుని, ఆ నెలలోనే పరీక్షకుడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. గ్యాసు సంగతి తెలియక నేను చేసిన పొరపాటని, ఆయన మెచ్చుకున్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదని. ఐదు వాక్యాలు. నాలుగింటికి ఇబ్బంది లేదు. ఐదోదాన్ని ఎలా తిప్పి రాసినా, నా తప్పు నాదని చెప్పాలంటే ఆమె రాసిన మాట అబద్ధమని చెప్పాల్సి వస్తోంది. ఒకసారి అబద్ధమాడకపోయినా ఆడిందన్నాను. ఇప్పుడు ఆమె నిజంగా ఆడిన చోట, ఆడించింది నేను. ఆ ఉత్తరం మూడు వారాల్లో పదకొండుసార్లు తిరగరాశాను. పంపలేదు.